ఓడలు పోషించే ఊరు

అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో స్కాగ్వే అనే చిన్న రేవుపట్టణం ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు 1,240 మంది. కాని వేసవిలో అక్కడికి వచ్చే పెద్ద విహారనౌక ఒక్కదానిలోనే అంతకు రెండు మూడు రెట్ల జనం ఉంటారు! కొన్ని రోజుల్లో అలాటి ఓడలు మూడు నాలుగు వస్తాయి.

రెండుపక్కలా ఎత్తయిన కొండలు. వాటి మధ్యకు సన్నగా చొచ్చుకువచ్చిన సముద్రం. ఆ సముద్రపు పాయ కొసన ఉన్నది ఈ ఊరు. ఉదయం ఓడ రేవు చేరగానే యాత్రికులు బిలబిలమంటూ దిగుతారు. వీధులు తిరునాళ్ళలాగా కిటకిటలాడిపోతాయి. పొద్దువాలాక అందరూ తిరిగి ఓడ ఎక్కుతారు. ఊరు బోసిపోతుంది.

ఇంతకూ ఈ మారుమూల ఊరికి అంత పేరెలా వచ్చింది?

1896లో కెనడాలోని క్లోండైక్ ప్రాంతంలో బంగారం దొరికింది. మరుసటి ఏడు ఆ వార్త పొక్కేసరికి వేలకొద్దీ జనం ఓడలలో స్కాగ్వేకు వచ్చి, వైట్ పాస్ అనే కనుమ దారిన బయలుదేరారు. బంగారమున్నచోట తిండి దొరకదు. అందుచేత ఏడాదికి సరిపడే సరుకులు వెంట ఉంటేనే కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు. ఆ బరువులు మోయలేక దారిలో సుమారు 3,000 గుర్రాలు చనిపోయాయి.

1898లో ఆ కనుమ గుండా రైలుమార్గం వేయసాగారు. పట్టాల మధ్య దూరం మూడే అడుగులు. మార్గం ఇరుకైనదైతే కొండను తొలిచే పని తగ్గుతుంది, రైలు చిన్న మలుపులు కూడా తిరగగలుగుతుంది. 1900లో 110 మైళ్ళ మార్గం పూర్తయింది. అయితే అప్పటికే బంగారం వెర్రి చల్లారిపోయింది! ఆ తరవాత చాలాకాలం సరుకులూ, ఖనిజాలూ మోసిన ఆ రైలు 1982లో ఆగిపోయింది. 1988లో యాత్రికుల కోసం మళ్ళీ కదిలింది. ఓడ దిగినవారు అందులో 2,865 అడుగుల ఎత్తున ఉన్న కనుమదాకా వెళ్ళి, లోయలు చూసి వస్తారు.

చలికాలంలో విహారనౌకలు రావు. వేసవిలో సంపాదించినదే ఊరివారు చలికాలమంతా తినాలి. 2020లో కరోనా వ్యాధి మూలాన వేసవిలో కూడా పెద్ద ఓడ ఒక్కటీ రాలేదు. ప్రభుత్వం ఇచ్చిన సహాయధనాన్ని పట్టణపాలకులు ఊరివారికి పంచిపెట్టారు. 2021 వేసవిలో ఓడలు మళ్ళీ రేవుకు వచ్చాకనే ఊరు తెరిపిన పడింది. వెనక బంగారాన్ని నమ్ముకుని పుట్టిన ఊరు, ఇప్పుడు అతిథులను నమ్ముకుని బతుకుతున్నది.