గడపలు తొక్కకముందు



మాది రేకుల ఇల్లు. వర్షాకాలము వస్తే కారేచోటల్లా గిన్నెలు పెట్టుకొని రాత్రులు గడిపేవారము. పిల్లల నానమ్మ మంచము ఎన్నిసార్లు జరిపామో లెక్క లేదు. "స్లాబు క్రింద నాలుగు రోజులు పండుకొని పోతానయ్యా" అనేది ఆమె. ఉన్న స్థలములోనే రెండు గదులు వేసుకొందామని గృహఋణము కొరకు బయలుదేరాము.

సంతలో ఎద్దును కొనేవాడు పది ఎడ్లను చూస్తాడు గదా! అలాగే ఎక్కడ వడ్డీ తక్కువైతే అక్కడ తీసుకొందామని నాలుగు బ్యాంకులలో దరఖాస్తులు పెట్టాము. ఇసుకకు, ఇటుకకు చేతిలో డబ్బు కావాలని ఫోనులో కనబడిన రెండు అప్పుల యాప్‌లలో కూడ వివరములు నింపాము. అవి ఇవ్వలేదు, మేమూ మరచిపోయాము.

మూడు వారములకు ఒక బ్యాంకు మేనేజరుగారు పిలిచి మా సిబిల్ రిపోర్టు ముందు పెట్టారు. మేము అడిగిన ఆరు చోట్లూ తేదీలతో సహా అందులో ఉన్నాయి. "నెల తిరగకుండా ఆరు చోట్ల అప్పు అడిగారు. ఏమి ఇబ్బందిలో ఉన్నారోనని మాకు అనుమానము రాదా అండీ? ఆరు నెలలు ఆగి రండి" అన్నారాయన. మేము ఎవరికీ బాకీ ఎగవేయలేదు. అయినా తలలు వంచుకొన్నాము.

ఆయన ఓపికగా చెప్పిన సంగతులు మీకును ఉపయోగపడును. ఋణమునకు దరఖాస్తు పెట్టిన ప్రతిసారి ఆ సంస్థ మన రిపోర్టు తెప్పించుకొంటుంది. ఆ ఎంక్వయిరీ అందులో నమోదవుతుంది. ఒకటి రెండింటివలన పెద్ద నష్టము లేదు. కొద్దిరోజులలోనే అనేకము ఉంటే స్కోరు కొంత తగ్గుతుంది, ఇచ్చేవారు వెనుకాడుతారు. స్కోరు 300 నుండి 900 వరకు ఉంటుంది. దానికి అన్నిటికంటె ముఖ్యము వాయిదాలు గడువులో కట్టడమే. మన రిపోర్టు మనమే చూచుకొంటే స్కోరు తగ్గదు. సిబిల్ వంటి సంస్థలు మన దేశములో నాలుగున్నాయి. రిజర్వు బ్యాంకు ఆదేశము వలన 2017 నుండి ఒక్కొక్క సంస్థ సంవత్సరమునకు ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితముగా ఇవ్వాలి. మనము అడగని అప్పు పేరు అందులో కనబడితే ఆ సంస్థకే ఫిర్యాదు చేయవచ్చును.

ఆరు నెలలు ఎక్కడా సంతకము పెట్టలేదు. బంగారము మీది అప్పు గడువులోగా కట్టివేశాము. వడ్డీ ఎంతో, ఖర్చులెంతో బ్యాంకులలో నోటిమాటగా అడిగి, ఒక్కచోటనే దరఖాస్తు ఇచ్చాము. ఋణము మంజూరైంది.

ఆ వర్షాకాలము మాత్రము నానమ్మ మంచము జరుపుతూనే గడిచింది. ఇల్లు పూర్తయిన తరువాత ఆమె స్లాబు క్రింద నలుబది రోజులే పండుకొంది. మా తొందర ఆమెకు ఆరు నెలలు తక్కువ చేసిందన్న బాధ మాకు ఇంకను పోలేదు.

ఇల్లు కట్టదలచిన వారలారా, ముందు మీ రిపోర్టు చూచుకోండి. నోటితో పదిచోట్ల అడగండి, సంతకము మాత్రము ఒక్కచోటనే పెట్టండి.