తాళము వేసిన ఇంటిలో పిల్లి

ప్రయాణమై గడప దాటే వేళ పిల్లి ఎదురొస్తే మనలో చాలామంది ఆగిపోతారు. లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి, ఒక నిమిషము కూర్చుని మళ్ళీ బయలుదేరుతారు. అటువంటి నమ్మకాలు విడిచిపెట్టామని చెప్పుకొనే మన ఇళ్ళలో కూడా అడుగు కాస్త తడబడుతుంది. పిల్లి మన ప్రయాణానికి ఏమి చేస్తుందోనని ఇంతగా ఆలోచించే మనము, మన ప్రయాణము పిల్లికి ఏమి చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించామా?

ఈ మధ్య మా పెద్దమందడిలోనే ఒక కుటుంబము వారు మమ్మల్ని ఈ ప్రశ్న అడిగారు. పెండ్లికని అయిదు రోజులు ఊరు వెళ్ళాలి. "అయ్యగారూ, గిన్నెడు బువ్వ, గిన్నెడు నీళ్ళు పెట్టి తాళమేసి పోతే పిల్లికి ఏమన్నయితదా?" అన్నాడు ఇంటి పెద్ద. పిల్లిని విడిచి రానని చిన్నపాప ఏడుస్తున్నది. పిల్లి సంగతి పాస్టరును అడగడమేమిటని నవ్వకండి. తనను నమ్ముకొని ఇంటిలో ఉన్న ప్రాణిని గురించి మనిషి అడిగే ప్రశ్న ఏదీ చిన్నది కాదు. అందుకే ఆ జవాబును కొంచెము వివరముగా ఇక్కడ వ్రాస్తున్నాము.

మన పాలమూరు సీమకు ఇండ్లకు తాళాలు వేసి పోవడము కొత్త కాదు. దసరా దాటగానే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని బొంబాయికి, పూనాకు, ఆనకట్టల పనులకు, రోడ్ల పనులకు తరలిపోయిన కుటుంబాలు ఎన్నో. "పాలమూరు లేబర్" అనే పేరు దేశమంతా అట్లా తెలిసింది. ఎత్తిపోతల నీళ్ళు పారిన ఊళ్ళలో ఆ వలస తగ్గింది గాని, పూర్తిగా పోలేదు. ఇంటిలో వంట లేదని చెప్పడానికి మన పెద్దలు "పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు. వెచ్చని బూడిదలో రాత్రంతా పడుకొన్న పిల్లిని తెల్లవారి లేపేది పొయ్యి అంటించే ఇల్లాలే. ఇల్లాలు వలస పోయిన ఇంట పిల్లిని లేపేవారు ఉండరు.

మరి ఆ పిల్లులు ఏమయ్యేవి? ఎక్కువ భాగము బ్రతికేవి. దానికి కారణాలున్నాయి. ఆనాటి ఇల్లు మట్టి మిద్దె. పైన గవాచి ఉండేది, దర్వాజకు సందు ఉండేది. తాళము మనుషులకే గాని పిల్లికి కాదు. వేరుశెనగ కాయ నిలువచేసిన ఇళ్ళలో ఎలుకలకు కొదువ లేదు. ముసలివాళ్ళు మిగిలిన పక్క ఇంటిలో ఇంత గంజి, ఇంత బువ్వ దొరికేది. అంటే ఆ పిల్లి ఒంటరిగా మిగలలేదు. ఒక ఇంటి పిల్లి వాడకట్టు పిల్లి అయ్యేది, అంతే. "మా చిన్నప్పుడు ఎవరు చూసినారు పిల్లులను, అవే బ్రతుకుతాయి" అని పెద్దలు అనే మాటలో సగము నిజమున్నది. చూచినది వాడకట్టు అన్న మిగతా సగాన్ని వారు మరచిపోయారు.

ఇప్పుడు ఇల్లు మారింది. స్లాబు వేశాము, కిటికీలకు దోమల జాలి కొట్టాము, ఇనుప గేటు పెట్టాము. ఇటువంటి ఇంటికి తాళము వేస్తే పిల్లికి బయటికి దారి లేదు, లోపల వేట లేదు. ఏప్రిల్, మే నెలలలో మన దగ్గర ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మూసిన స్లాబు ఇంటిలో ఆ వేడి రాత్రికి కూడా దిగదు. పిల్లికి మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు, దానికి చెమట గ్రంథులు ముఖ్యముగా పాదాల అడుగునే ఉంటాయి. ఒక్క గిన్నె నీళ్ళు ఒలికిపోతే దానికి ఇంకొక ఆధారము లేదు. అందుచేత "వెనుక బ్రతికాయి కదా" అన్న మాట ఈ ఇంటికి వర్తించదు.

పిల్లి శరీరము ఎట్టిదో కూడా తెలిసికొనడము అవసరము. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని దాని శరీరము చాలినంత తయారుచేసుకోలేదు. అది మాంసము, చేప వంటి వాటి నుండే రావాలి. ఇది తక్కువైతే పిల్లి గుండె బలహీనపడి ఉబ్బిపోతుందని 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పశువైద్యులు కనుగొన్నారు. కళ్ళు కూడా చెడతాయి. ఎలుకను పట్టే పిల్లికి ఇది ఎలుకలోనే దొరుకుతుంది. తలుపు మూసిన ఇంటిలో పెరుగన్నము మాత్రమే తినే పిల్లికి దొరకదు. ఇక పాల సంగతి. తెనాలి రామలింగని పిల్లి పాలను చూచి పారిపోయిన కథ మనకందరికీ తెలుసు. అది కాలే పాలు పోసినందువల్ల. కాని చల్లని పాలు కూడా పెద్ద పిల్లులు చాలావాటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఊరికి పోతూ గిన్నెడు పాలు పోసి పోవడము ప్రేమే గాని మేలు కాదు. ఎండాకాలములో ఆ పాలు మధ్యాహ్నానికే విరిగిపోతాయి, కలిపిన అన్నము సాయంత్రానికి పాచిపోతుంది. పిల్లి వాసన చూచి వెనక్కి తిరుగుతుంది.

వెనక్కి తిరిగితే ఏమవుతుంది? ఇక్కడే అసలు ప్రమాదము. కుక్క కొన్ని రోజుల ఆకలికి తట్టుకొంటుంది. పిల్లి, అందులోను లావైన పిల్లి, రెండు మూడు రోజులకు మించి తినకపోతే దాని కాలేయములో కొవ్వు పేరుకొని ప్రాణము మీదికి రావచ్చును. ఇంకొకటి మగపిల్లికి వచ్చే జబ్బు. మూత్రనాళము సన్నగా ఉండడము వలన అడ్డు పడి మూత్రము ఆగిపోతుంది. మూత్రానికి మాటిమాటికి కూర్చుంటుంది, చుక్క రాదు, అరుస్తుంది. వెంటనే పశువైద్యునికి చూపించకపోతే రెండు మూడు రోజులలోనే చనిపోతుంది. గిన్నె నిండా తిండి ఉన్నా, కుండ నిండా నీళ్ళు ఉన్నా ఈ రెండు కష్టాలలో అవేమీ చేయలేవు. చూచే కన్ను ఒకటి కావాలి.

కాబట్టి మేము ఆ కుటుంబానికి చెప్పిన మాట ఇది. ఆరోగ్యముగా ఉన్న పెద్ద పిల్లిని ఒక రాత్రి, మహా అయితే ఒక పగలు, ఒక రాత్రి, తిండి నీళ్ళు పెట్టి ఉంచవచ్చును. అంతకు మించితే రోజుకు ఒకసారి, వీలైతే రెండుసార్లు, ఎవరైనా వచ్చి దానిని కంటితో చూడాలి. ఆరు నెలలు నిండని పిల్లలను, చూలుతో ఉన్నదానిని, ముసలిదానిని, మందు వాడుతున్నదానిని ఒక్క రాత్రి కూడా ఒంటరిగా వదలకూడదు. "అయితే మా వెంట తీసుకొని పోతాము" అన్నది పాప. అది అంత సులువు కాదు తల్లీ అన్నాము. మనిషి మనుషులను పట్టుకొని ఉంటే, పిల్లి స్థలాన్ని పట్టుకొని ఉంటుంది. పెండ్లి ఇంటిలో, బాజాల మధ్య, కొత్త గోడల మధ్య అది మంచము కిందికి దూరి అన్నము మానుతుంది. తలుపు తెరిచి ఉంటే బెదరి పారిపోతుంది. నాలుగైదు రోజులకైతే దాని ఇంటిలో దానిని ఉంచి, మనిషిని దాని దగ్గరకు పంపడమే మేలు.

"ఆ మనిషిని ఎక్కడ తెస్తాము" అని అడిగాడు ఇంటి పెద్ద. అప్పుడు మా ఇంటిలో 2020లో జరిగినది చెప్పాము. మార్చి 20, శుక్రవారము నాడు అత్తగారి వైద్యము నిమిత్తము మేము కుటుంబముగా హైదరాబాదు వెళ్ళాము. శనివారము సాయంత్రానికి తిరిగి రావాలని బయలుదేరాము. ఒక్క రాత్రి ప్రయాణమే అయినా, మా ఇంటావిడ తాళము చెవి పక్కింటి అవ్వ చేతిలో పెట్టింది. ఆస్పత్రిలో ఒక రోజు ఆలస్యమైంది. ఆదివారము 22న జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే రాష్ట్రములో లాక్‌డౌన్ ప్రకటించారు. 25 నుండి దేశమంతా మూతపడింది. ఒక్క రాత్రి అనుకొన్నది దాదాపు రెండు నెలలైంది. మే నెలలో బస్సులు తిరిగిన తరువాతనే మేము ఊరు చేరగలిగాము.

ఆ రెండు నెలలు మా పిల్లిని చూచినది ఆ అవ్వ. ఆమె కొడుకు, కోడలు పూనాలో పనికి పోయి అక్కడే చిక్కుకున్నారు. ఆ రోజులలో ప్రభుత్వము రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యము, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది. ఆ బియ్యములో నుండే ఇంత వండి, నాలుగు ఎండుచేపలు నలిపి కలిపి, పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి మా తలుపు తీసేది. అప్పటికి పిల్లి చూలుతో ఉన్నది. ఏప్రిల్‌లో మా బియ్యపు డ్రమ్ము వెనుక మూడు పిల్లలను పెట్టింది. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మా పిల్లికి ఏడిళ్ళు అవసరము పడలేదు. ఒకటి తరువాత ఒకటిగా మెడ పట్టి తెచ్చి అవ్వ ఇంటి గాబు పక్కన పెట్టుకొన్నది.

మేము ఫోను చేసినప్పుడల్లా అవ్వ పిల్లి సంగతే చెప్పేది. కొడుకు సంగతి అడిగితే మాత్రము కొంచెము సేపు మాట వచ్చేది కాదు. "మీ పిల్లి లేకపోతే పొయ్యి అంటియ్యబుద్ధి గాకపోతుండె అయ్యగారూ" అన్నది ఒకరోజు. ఆ మాట మమ్మల్ని చాలా దినాలు విడువలేదు. పిల్లికి దిక్కుగా ఉండుమని మేము అవ్వకు తాళము చెవి ఇచ్చాము. ఆ పిల్లి అవ్వకు దిక్కైంది. మేము తిరిగి వచ్చాక పిల్లి మా ఇంటికి వచ్చి, అన్ని మూలలు వాసన చూచి, మా ఇంటావిడ కాళ్ళకు ఒకసారి రాసుకొని, మళ్ళీ అవ్వ ఇంటికే పోయింది. మేము పిలిచి తెచ్చుకోలేదు. రెండు నెలలు చేతితో పెట్టినవారిదే ఆ హక్కు అనిపించింది.

మన దేశములో ఇందుకొక చట్టము కూడా ఉన్నది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టము ప్రకారము, పెంచుకొనే ప్రాణికి చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడము నేరము. ఆకలితో దప్పికతో బాధపడే స్థితిలో కారణము లేకుండా దానిని వదిలిపోవడమూ నేరమే. మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకు. నేడు ఆ డబ్బుకు ఒక పూట భోజనము రాదు. అంటే ఈ విషయములో చట్టము మనలను బెదిరించలేదు, మన మనస్సాక్షికే అప్పగించింది. బైబిలు 66 పుస్తకాలలో ఇంటి పిల్లి ప్రస్తావన కనబడదు గాని, విశ్రాంతిదినపు ఆజ్ఞ ఇంటి పశువులను కూడా లెక్కలో వేసుకొన్నదని మనకు తెలుసు.

ప్రియ పాఠకులారా, మీరును ప్రయాణమైతే ఈ కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనండి. తాళము చెవి నమ్మకమైన మనిషికి ఇవ్వండి. బయలుదేరేముందు ఆ మనిషిని ఒకసారి ఇంటికి పిలిచి పిల్లితో అలవాటు చేయండి. తిండి ఎక్కడున్నదో, ఎంత పెట్టాలో చూపించండి. నీళ్ళు ఒక్క గిన్నెలో కాక మూడు చోట్ల, ఒరగని బరువైన పాత్రలలో పెట్టించండి. మట్టి ట్రే రోజూ మార్పించండి. బావి, సంపు మూతలు సరిచూడండి. ఎలుకల మందు పెట్టి ఉంటే తీసివేయండి. పిల్లి తినకపోయినా, మూత్రానికి అవస్థపడినా అదే రోజు మీకు ఫోను చేయమని చెప్పి, పశువైద్యుని నంబరు గోడమీద వ్రాసి ఉంచండి. మనుషులకిచ్చే జ్వరపు బిళ్ళ, పారాసిటమాల్, పిల్లికి విషము. దయతోనైనా వేయవద్దని గట్టిగా చెప్పండి. ఈ రోజుల్లో గంటకు ఇంత అని తిండి వదిలే యంత్రాలు, ఫోనులో ఇల్లు చూపే కెమెరాలు వచ్చాయి. అవి సహాయమే. అయితే కరెంటు పోతే యంత్రము ఆగుతుంది, కెమెరా జబ్బును చూపుతుంది గాని తలుపు తీయలేదు.

మరొక్క మాట. బంధువుల ఊరికి పోయేవారము పిల్లికి ఎవరు దిక్కని ఇంత ఆలోచించాము. మన ఊళ్ళలో బిడ్డలు పట్నానికో, పరదేశానికో పోగా, డబ్బాలో బియ్యము, చేతిలో ఫోను పెట్టుకొని ఒంటరిగా మిగిలిన తల్లులు, తండ్రులు ఎందరో ఉన్నారు. నెలనెలా డబ్బు వస్తుంది, సరుకులు వస్తాయి. గిన్నె నిండుగానే ఉంటుంది. రోజుకొకసారి తలుపు తట్టి "తిన్నావా" అని ముఖము చూచే మనిషి మాత్రము ఉండడు. మీ ప్రయాణానికి తాళము చెవి ఇవ్వదగిన మనిషి కోసము మీరు వెదకుచున్నట్లయితే, ముందు ఆ ఇంటి తలుపే తట్టండి. మీరు తిరిగి వచ్చిన తరువాత కూడా ఆ తలుపు తట్టడము మానకండి.