గోల్‌బజార్‌లో చేతులు చెప్పే మాట

హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఉన్న ఖరగ్‌పూర్ రైలుతో పుట్టి రైలుతో పెరిగిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే నాళ్లలో ఉత్తరాంధ్ర నుండి బ్రతుకుతెరువుకై వలస వచ్చిన తెలుగు కుటుంబాల సంతతివారు నేటికీ అక్కడ ఉన్నారు. వారికీ, బెంగాలీలకూ, హిందీవారికీ ఉమ్మడి అంగడి గోల్‌బజార్. ‘గోల్’ అంటే గుండ్రమని అర్థం. తెలుగు చెవికి మాత్రం అది గోలగానే వినిపిస్తుంది.

ఇటువంటి అంగడిలో ఒక సాయంకాలం నిలిచి చూస్తే చాలు, ఎన్నో విశేషాలు కంటబడతాయి. సైకిలు హ్యాండిలుకు ఒక ప్రక్క కూరల సంచి తగిలించినవాడు, తూకం కుదరడానికి రెండవ ప్రక్క మరొకటి తగిలిస్తాడు. మోకాళ్లు నొచ్చిన వృద్ధురాలికి దుకాణం మెట్టే ఆసనం. కూలీ తలమీద తువ్వాలు చుట్టకుదురుగా మారుతుంది. ఇవన్నీ ఎవరూ నేర్పని విద్యలు. వస్తువులో ఏ కొరత ఉన్నదో జనం నోటితో చెప్పకపోవచ్చు. వారి చేతులు చెబుతాయి.

ఆ మాట విన్నవారు కొందరున్నారు. 1970లో అమెరికా వాసి బెర్నార్డ్ సాడో బరువైన పెట్టెలు మోస్తూ, విమానాశ్రయంలో ఒక కార్మికుడు పెద్ద యంత్రాన్ని చక్రాల పలకపై సునాయాసంగా తరలించడం చూచాడు. 1972లో చక్రాల సూట్‌కేసుకు పేటెంటు పొందాడు. అంతకు పూర్వమే, 1958లో, భారత ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు దేశమంతటా చూచిన వస్తువులలో మన చెంబునే మిక్కిలి మెచ్చుకున్నారు. ఒక్క మనిషి రూపొందించినది కాదది. తరతరాల వాడుకలో తీరిన రూపం. వారి నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది.

చూడకుండా గీసిన నమూనాకు మూల్యం చెల్లించేది వాడుకొనేవారే. కాలిబాట గట్టు మరీ ఎత్తయితే వృద్ధులు రోడ్డు మీదనే నడుస్తారు. అప్పుడు జనానికి క్రమశిక్షణ లేదన్న నింద వినిపిస్తుంది. పచ్చికను తొక్కరాదని పలక పాతేముందు, అక్కడ అడ్డదారి ఎందుకు పడిందో విచారించడం వివేకం.

దేశంలో మొట్టమొదటి ఐ.ఐ.టి. 1951లో ఇదే పట్టణంలో, హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో ప్రారంభోత్సవం జరుపుకున్నది. వాస్తుశిల్పం కూడా అక్కడి పాఠ్యాంశమే. ఆ విద్యకు అవసరమైన ఒక గ్రంథం అచ్చుకాకుండానే గోల్‌బజార్‌లో తెరచి ఉన్నది. చదవడానికి రుసుము లేదు. ఓపిక ఒక్కటే కావాలి.