ఇద్దరి పేర్లు



ఇంగ్లండు దేశపు గిటారు పాటలకును మన పల్లె సంఘములకును ఏమి సంబంధమని నీవు అడుగవచ్చును. నేను కీర్తనల మధ్య పెరిగినవాడను. అయినను కళాశాల వసతిగృహములో ఒక స్నేహితుని క్యాసెట్టు ద్వారా బీటిల్స్ అను నలుగురి పాటలు వినిన నాటినుండి వాటిని ప్రేమించుచున్నాను. వాటిలో ఒకటి నా తప్పును నాకు చూపినది. ఆ సంగతి నీతో చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వారి కథ ఒక దేవాలయపు ఆవరణములోనే మొదలాయెను. లివర్‌పూల్ పట్టణములోని వూల్టన్ పేటలో సెయింట్ పీటర్స్ చర్చివారి వేడుక 1957 జూలై 6వ తేదీన జరిగెను. అక్కడ పాడవచ్చిన పదునారేండ్ల జాన్ లెనన్‌కు పదునైదేండ్ల పాల్ మెకార్ట్‌నీని ఒక స్నేహితుడు పరిచయము చేసెను. పాల్ తల్లి అంతకు ముందటి యేడు చనిపోయియుండెను. మరుసటి యేడు జాన్ తల్లి కారు ఢీకొని మరణించెను. తల్లిలేని ఆ ఇద్దరు పిల్లలు పాల్ ఇంటి ముందుగదిలో ఎదురెదురుగా కూర్చుండి పాటలు కట్టిరి. పాల్‌ది ఎడమచేతి వాటము గనుక, ఒకని గిటారు మరియొకనికి అద్దములోని నీడవలె కనబడెడిది. వారికి స్వరములు వ్రాయుట తెలియదు. మరునాటికి జ్ఞాపకము లేని పాట మంచిది కాదని విడిచిపెట్టెడివారు. ఎవరు ఎక్కువ వ్రాసినను పాటకు ఇద్దరి పేర్లును ఉండవలెనని చిన్ననాడే ఒప్పుకొనిరి.

వారి పాటలలో సామాన్య జనుల బ్రతుకు ఉన్నది. 1966లో వచ్చిన ‘ఎలినార్ రిగ్బీ’ వినుము. గుడిలో పెండ్లి ముగిసినపిమ్మట నేలరాలిన బియ్యము ఏరుకొను ఒంటరి స్త్రీ, ఎవరును వినని ప్రసంగమును వ్రాసికొను ఒంటరి పాదిరి అందులో ఉన్నారు. ఆ పాటకు నలుగురిలో ఒక్కడును వాద్యము వాయించలేదు. వాయించినవారు ఎనిమిదిమంది వయొలిన్ జాతి వాద్యకారులు. పాటకు ఏది తగునో అదియే ఉంచి, తాము ప్రక్కకు తొలగుట వారికి తెలిసియుండెను.

ఇక నన్ను గద్దించిన పాట 1965 డిసెంబరులో వచ్చిన ‘వి కెన్ వర్క్ ఇట్ అవుట్’. ఈ తగవును మనము సరిచేసికొనగలమని పాల్ తన భాగములో ఆశతో పలుకును. మధ్యభాగము జాన్‌ది. బ్రతుకు బహు కొద్దిపాటిది, దానిని జగడములకు ఖర్చు చేయకుమని అతడు హెచ్చరించును. అక్కడ నడక మారి, పాట బరువెక్కును. దాని వెనుక మ్రోగునది, చదువరీ, హార్మోనియమే. దానిని వాయించినవాడు జాన్.

మా ఊరిలో హార్మోనియము వాయించువాడు మా పెదనాన్న కుమారుడు. నేను మాటలు కూర్చగా అన్నయ్య రాగము కట్టెడివాడు. అట్లు పదునొకండు క్రిస్మసు పాటలు చేసితిమి. వాటిని చిన్న పుస్తకముగా అచ్చువేయించినప్పుడు ప్రతిని తీసికొని పట్టణమునకు పోయినవాడను నేను. అట్టమీద నా పేరు మాత్రమే వేయించితిని. మాటలు నావే గదా అని నన్ను నేను సమర్థించుకొంటిని. అన్నయ్య పుస్తకమును ఒకసారి త్రిప్పిచూచి, బల్లమీద పెట్టి వెళ్లిపోయెను. తొమ్మిదేండ్లు మేము ఒకే గుడిలో వేర్వేరు ప్రక్కల కూర్చుంటిమి.

ఒక రాత్రి నా కుమార్తె తన సెల్‌ఫోనులో ఆ పాట పెట్టెను. ఇరువది యేండ్లుగా ఎరిగిన పాటయే. కాని ఆ హార్మోనియము వినబడగానే నాకు అన్నయ్య వ్రేళ్లు కనబడెను. పాట ముగియువరకు తల ఎత్తలేకపోతిని.

ఆ పాట కట్టినవారును జగడములో పడకపోలేదు. 1970 డిసెంబరు 31న పాల్ మిగిలిన ముగ్గురిమీద లండను కోర్టులో వ్యాజ్యము వేసెను. తరువాత జాన్, పాల్ తమ పాటలలోనే ఒకరినొకరు పొడుచుకొనిరి. అయినను కొన్నేండ్లకు మరల మాటలాడుకొనిరి. ఏ సంగతులు? రొట్టె కాల్చుట మొదలైన ఇంటి సంగతులేయని పాల్ చెప్పియున్నాడు. 1980 డిసెంబరు 8న న్యూయార్కులో జాన్‌ను ఒకడు కాల్చి చంపెను. అతనికి నలువది యేండ్లు. అంతకు ముందే సమాధానపడితిమన్న తలంపు తనకు ఓదార్పని పాల్ పలుమారు చెప్పెను.

మరునాటి సాయంకాలము అన్నయ్య ఇంటికి పోతిని. ఏమేమో చెప్పవలెనని దారిపొడుగున మాటలు కూర్చుకొంటిని. గడపలో నిలువగానే ఒకటియు రాలేదు. “అన్నయ్యా, ఆ పుస్తకముమీద నీ పేరు లేదు. తప్పు నాది” అంటిని.

అతడు చాలసేపు నావైపు చూడలేదు. పిమ్మట, “కాళ్లు కడుగుకోరా తమ్ముడూ, అన్నము తిందువు గాని” అనెను.

భోజనము దగ్గర వానలనుగూర్చియు, ఈనిన గేదెనుగూర్చియు మాటలాడుకొంటిమి. పాటల మాట ఎత్తలేదు. నేను లేచునప్పుడు మాత్రము, “మూడవ పాటలో రెండవ చరణము నీవు తప్పు పాడుచున్నావు” అని అతడు నవ్వెను.

ఈ సంవత్సరము పుస్తకమును మరల అచ్చువేయించితిమి. అట్టమీద ఇద్దరి పేర్లున్నవి. అతని పేరు ముందున్నది.

చదువరీ, నీవు చేసిన పనిలో ఎవరి పేరైనను విడిచిపెట్టితివా? అతడు బ్రతికియుండగానే వెళ్లుము. మంచి మాటలు దొరకువరకు ఆగవద్దు. నాకును దొరకలేదు.