కొన్న పిండి

మా డోను పట్టణమున సాయంకాలము బడి విడిచిన వేళ కూరగాయల యంగడుల యొద్ద నిలిచి చూచినచో, ఉద్యోగము చేయు స్త్రీల నడకలోనే వారి బ్రదుకు తెలియును. ఒక చేత పుస్తకముల సంచి, మరొక చేత కూరల సంచి, మనసులో రాత్రి వంట. మా కోడలు అట్టివారిలో నొకతె, పాఠశాలలో ఉపాధ్యాయిని. మూడేండ్ల క్రిందట ఆమె యొకనాడు కూరలతోబాటు దోసెపిండి పొట్లమొకటి కొని తెచ్చెను. నేను దానిని చూచి, "ఇంట్లో ఆడది ఉండి పిండి కొనుక్కొచ్చే గతి పట్టిందా మనకు?" అంటిని. ఆమె మారు పలుకలేదు. మరునాటినుండి రాత్రి పాత్రలు తోమిన పిమ్మట పిండి రుబ్బి, తెల్లవారుజామున అయిదు గంటలకు మరల లేచుచుండెను. నా మాట నెగ్గినదని నేను సంతసించితిని. ఆ సంతోష మెంత యల్పమైనదో తెలిసికొనుటకు నేను జపాను దేశము దాక పోవలసి వచ్చినది.

మా అమ్మాయి టోక్యో నగరమున ఉద్యోగము చేయుచున్నది. ఆమె కాపురము నిషికసాయి యను పేటలో. అచట భారతీయుల కుటుంబములు హెచ్చు గనుక మన పప్పులు, మసాలా దినుసులు అమ్ము అంగడులు కూడ నున్నవి. నేనచట మూడు మాసము లుంటిని. అమ్మాయి ఇల్లు చేరునప్పటికి రాత్రి ఎనిమిది గంటలగును. త్రోవలోని సూపరుమార్కెట్టునకు నేనును ఎదురేగి, ఆమెతో గలిసి సరకులు తెచ్చుట నాకు వాడుకయ్యెను.

ఆ యంగడిలో ఒక ప్రక్క యంతయు వండిన పదార్థములే. ఉడికించిన సముద్రపు నాచు, ఆలుగడ్డ వేపుళ్లు, ఊరవేసిన ముల్లంగి, అన్నపు ముద్దలు. ముద్దకును దానికి చుట్టవలసిన యెండునాచునకును నడుమ పలుచని పొర యొకటి యుండును. తినువేళ దానిని లాగివేసినచో నాచు మెత్తబడక కరకరలాడును. భోజనపు పెట్టెలపై ఏ దినమున ఏ గంటలోపల తినవలెనో ముద్రించి యుందురు. రాత్రి ప్రొద్దుపోయినకొలది మిగిలినవానిపై తగ్గింపు ధర చీటీలు అంటింతురు. మేము చేపలు తినము గనుక అమ్మాయి ప్రతి పొట్లముమీది వ్రాత చదివి గాని బుట్టలో వేయదు. కూరలలో సైతము ఎండుచేప రసము కలుపుట అచట సామాన్యము.

ఇల్లు చేరిన పావుగంటలో భోజనము సిద్ధము. ఉదయమే గంట పెట్టి వెళ్లిన విద్యుత్పాత్రలో అన్నము ఉడికి యుండును. నాచుతో కాచిన రసమున సోయాముద్ద కలిపిన మిసో చారు, అందు తోఫు ముక్కలు, కొని తెచ్చిన నువ్వులపొడి చల్లిన పాలకూర, ఊరవేసిన ముల్లంగి. ఒక చారు, మూడు వ్యంజనములు అనునది వారి పూర్వాచారపు లెక్కయట. ప్రక్కన నేను డోనునుండి కొనిపోయిన చెనిక్కాయల పొడి. నేను తృప్తిగా భుజించి, "ఎంత తెలివిగా సంసారం చేస్తున్నావే తల్లీ!" అంటిని.

అమ్మాయి నా వంక చూచి, "ఈ మాట వదినతో ఎందుకు అనలేదమ్మా? పిండి కొన్నందుకు నువ్వేమన్నావో అన్న చెప్పినాడు" అనెను.

నాకు ముద్ద దిగలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్తకుండ యను సామెతను నేను ఇతరులనుగూర్చి ఎన్నిమారులు చెప్పి నవ్వితినో! కూతురు కొన్నది తెలివి. కోడలు కొన్నది సోమరితనము. వస్తువులలో భేదము లేదు. భేదము నా కంటిలో నుండెను.

ఆ రాత్రి నా మాటను నేనే విచారించితిని. మా ఇంట రుబ్బు యంత్రమున్నది. దానికి నేనెన్నడు అడ్డు చెప్పలేదు. ఇంటిలోని యంత్రము రుబ్బినచో ఆచారము, అంగడిలోని యంత్రము రుబ్బినచో అనాచారమా? మొదటిదానికి నానబోయుటకు, కడుగుటకు కోడలి చేతులు కావలెను, రెండవదానికి అక్కరలేదు. నేను కాపాడినది రుచి కాదు, ఆమె శ్రమపై నా యధికారము.

మా సీమలో ఉగ్గాని యెరుగని యిల్లు లేదు. బొరుగులను ఏ గృహిణియు తన పొయ్యిపై వేయించుకొనదు. బట్టీలో కాగిన యిసుకలో వేయించి అమ్మువారు వేరుగా నున్నారు. మనము కొని తెచ్చి, తడిపి, పిండి, పప్పులపొడి కలిపి తాలింపు పెట్టి, మిరపకాయ బజ్జీతో తిందుము. ఇది అంగడి తిండియని మా యవ్వయు అనలేదు. ఇక ఆచారమందుమా, కొర్రన్నము, జొన్నరొట్టె, సంగటి మా తాతలనాటి నిత్యాహారములు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప అవి పళ్లెమునుండి తొలగుట మరింత వేగిరపడెను. అప్పుడు ఆచారము పోయెనని నేను వగవలేదు.

జపానులోను ఆడువారు వేకువకు ముందే లేచి కట్టెపొయ్యి కడ అన్నమునకు కాపుండెడివారు. 1955లో తోషిబా సంస్థ తనంతట తానే ఆగు విద్యుదన్నపాత్రను అమ్మకమునకు తెచ్చెను. దానిని రూపొందించినవాడు మినామి యోషితద. కాని పలుమారులు అన్నము వండి, కాలమును వేడిని కొలిచి పరీక్షించినది ఆయన భార్య ఫుమికో. ఆ పాత్ర లోకమున కిచ్చినది అన్నముకంటె ముఖ్యముగా వేకువనిద్ర.

ఐనను పొట్లమెల్ల మేలని నేననను. వానిలో ఉప్పు హెచ్చు. నగానో రాష్ట్రమున పక్షవాతపు మరణములు మిక్కుటమై యుండగా, ఆరోగ్యసేవికలు ఇంటింటికి పోయి మిసో చారులోని ఉప్పును కొలిచి, తగ్గింపుమని బోధించిరి. తరువాతి కాలమున ఆ రాష్ట్రము దీర్ఘాయుర్దాయమునకు పేరొందెను. పొట్లమును కొనుట తప్పు గాదు. చదువక కొనుట తప్పు. మరియు పొట్లము వచ్చినంతమాత్రాన న్యాయము రాదు. అన్ని యంత్రములున్న జపానులోను ఇంటిపనిలో అధికభాగము నేటికిని స్త్రీలదే.

డోనుకు తిరిగి వచ్చిన మరునాటి సాయంకాలము నేనే అంగడికి పోయి, తేది చూచి, దోసెపిండి కొని తెచ్చితిని. కోడలు దానిని చూచి కొంతసేపు మాటాడక, "అత్తా, మీకిది నచ్చదు కదా" అనెను. "ఆనాడు నేనన్న మాట తప్పమ్మా. ఈ పిండి వాడికియ్యి, దోసెలు పోస్తాడు" అంటిని. మా అబ్బాయి పోసిన మొదటి మూడు దోసెలు పెనమునకు అంటుకొన్నవి. నాలుగవది లేచినది.

ఇప్పుడు వారమున రెండు దినములు పిండి కొందుము; ఒకనాడు కొర్రలు నానబోసి నేను రుబ్బుదును. మిగిలిన కాలమున కోడలేమి చేయునని ఇరుగుపొరుగు వా రడిగిరి. కొన్నినాళ్లు చదువుకొనును, కొన్నినాళ్లు నిద్రించును. ఆ లెక్క అడుగుటకు నేనెవరిని?