జుమ్మేరాత్ బజారులో అన్నయ్య పెట్టె

పోయిన వేసవి సెలవుల్లో ఒక బుధవారం రాత్రి నల్లగొండ నుంచి మా వదిన ఫోను చేసింది.

"రేపు నీకు కాలేజీ లేదు కదా నాయనా? పిల్లవాడు మీ అన్నయ్య పెట్టె తీసుకుని తెల్లవారు బస్సుకు వస్తాడు. కొన్నచోటికే తీసుకువెళ్ళి ఎవరికైనా చూపించు."

పెట్టె అంటే నగల పెట్టె కాదు. కారులో పాటల ధ్వనిని పెంచే యాంప్లిఫయరు. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటమంత ఉంటుంది. నల్లని అల్యూమినియం ఒళ్ళు, వేడి పోవడానికి వీపుమీద దువ్వెన పళ్ళలాంటి రేకులు. 1994లో, పెళ్ళయిన మరుసటి ఏడు, వదిన గాజులకని దాచిన డబ్బు పెట్టి అన్నయ్య దీన్ని జుమ్మేరాత్ బజారులో కొన్నాడు. పాత ఫియట్ కారు డిక్కీలో బిగించాడు. "అసలైన జపాను సరుకు" అన్నాడు. "జపానో, జాంబాగో!" అన్నారు మామగారు. ఆ మాట ఇంటి సామెత అయి కూర్చుంది. అన్నయ్య ఏ వస్తువు కొన్నా అది జాంబాగు జపానే.

తరువాత కారు పోయింది. రెండేళ్ళ క్రితం అన్నయ్యా పోయాడు. పెట్టె అటకమీద మిగిలింది. పాత సామాన్లవాడు వచ్చి, "ఇది చచ్చిపోయిందమ్మా, తూకానికి రెండువందలు" అన్నాడట. పిల్లవాడేమో ఫోనులో ఇలాంటిదానికే ఎవరో పదిహేనువేలు అడుగుతున్నట్లు చూపించాడట.

"ఎంతకు అమ్మమంటావు వదినా?" అన్నాను.

"అమ్మడానికి కాదు. ఆయన మోసపోయాడా లేదా, అంతే నాకు తెలియాలి."

పిల్లవాణ్ణి ఇమ్లీబన్ బస్సుస్టాండులో కలుసుకున్నాను. అఫ్జల్‌గంజ్ మీదుగా పోతే దగ్గర. కాని మాస్టరు బుద్ధి కదా, వాడికి చూపించాలని ఆటోను చార్మినారు, హుస్సేనీ ఆలం మీదుగా తిప్పించాను. పాత నగర ప్రాకారపు దర్వాజాలలో నేడు మిగిలినవి రెండే: దబీర్‌పురాదీ, పురానాపూల్‌దీ. ఆ రెండోదాని పక్కనే మూసీమీద పురానాపూల్. ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించాడు. చార్మినారు 1591 నాటిది. అంటే ఊరికంటే పదమూడేళ్ళు ముందే ఊరికి దారి పుట్టిందన్నమాట! ఈ మాట చెబితే పిల్లవాడు, "బాబాయ్, పెట్టె బరువుగా ఉంది, తొందరగా పోదాం" అన్నాడు.

నది దాటితే జుమ్మేరాత్ బజారు. జుమ్మా అంటే శుక్రవారం. దాని ముందు రాత్రి జుమ్మేరాత్. ఆ పేరే గురువారానికి స్థిరపడింది. ఆనాడు ఇక్కడ దొరకని పాతవస్తువు లేదు. తలుపు గొళ్ళేలు, ఒంటి చెప్పులు, కుట్టుమిషను తలలు, మీటలు ఊడిన హార్మోనియం, ముళ్ళులేని గడియారాలు అన్నీ పాత దుప్పట్లమీద ఎండలో పరచి ఉంటాయి. ఒక ముసలాయన తాళంచెవులు మాత్రమే అమ్ముతున్నాడు. తాళాలు లేవు. కొనేవాళ్ళు మాత్రం ఉన్నారు! ఏ ఇంటి తలుపుకోసమో అడగాలనిపించింది గాని, పిల్లవాడు చెయ్యి లాగాడు.

కారు సామాన్ల వరుస చివర, టార్పాలిన్ నీడలో ఒక ఉస్తాద్ కూర్చున్నాడు. పక్కన కారు బ్యాటరీ, రెండు వైర్లు, ఒక చిన్న బల్బు. మేము పెట్టె అందివ్వగానే ముందు రెండు చేతులతో ఎత్తి బరువు చూశాడు.

"చచ్చిపోయిందన్నారు" అన్నాను.

"కౌన్ బోలా?" అన్నాడు. ఎవరన్నారని.

అప్పుడు తెలిసింది రహస్యం. బ్యాటరీనుంచి ఒక తీగ, కారు ఒంటికి ఒక తీగ చాలవట. వీటితోబాటు పాటలపెట్టెనుంచి వచ్చే సన్నని మూడోతీగ ఒకటి ఉంటుంది. దాంట్లో కరెంటు వస్తేనే యాంప్లిఫయరు మేలుకుంటుంది. పాత సామాన్లవాళ్ళు రెండు తీగలే తగిలించి, దీపం వెలగకపోతే మరణ ధ్రువపత్రం ఇచ్చేస్తారు. ఉస్తాద్ బల్బును మధ్యలో పెట్టి తీగలు కలిపాడు. లోపల ఏదైనా కాలిపోయి ఉంటే బల్బు ఆరకుండా భగ్గున వెలుగుతుందట. మాది ఒక్కసారి మెరిసి తగ్గిపోయింది. మూడోతీగ తగిలించగానే పెట్టె మూల ఒక ఎర్రని దీపం వెలిగింది. పిల్లవాడు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

సరే, బతికి ఉంది. జపానా, జాంబాగా?

ఉస్తాద్ కుప్పలోంచి తళతళలాడే మరో పెట్టె తీశాడు. దానిమీద బంగారు అక్షరాలతో వెయ్యి వాట్లని ఉంది. దాని ఫ్యూజు చూపించాడు. పది ఆంపియర్లు. కారు నడిచేటప్పుడు కరెంటు సుమారు పద్నాలుగు వోల్టులు. పదిని పద్నాలుగుతో హెచ్చిస్తే నూటనలభై వాట్లు. అంతకు మించి లోపలికే పోదు. ఈ పాత రకం పెట్టెల్లో అందులో దాదాపు సగం వేడికింద పోతుంది. వెయ్యి ఎక్కడినుంచి వస్తుంది? అన్నయ్య పెట్టె ఫ్యూజు ఇరవై. పేరు పలకమీద వినయంగా రెండువైపులా అరవై చొప్పున వాట్లని రాసి ఉంది. లెక్క సరిపోయింది. లెక్కలంటే పారిపోయి తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి నేను. నాకే అర్థమయింది! ఈ గొప్పల గొడవ మనదొక్కటే కాదు. 2003లో అమెరికా తయారీదార్ల సంఘం వాట్లను ఇలాగే కొలవాలని ఒక ప్రమాణం పెట్టవలసి వచ్చింది. అంతకుముందు వస్తువుకు ఫ్యూజే సాక్షి.

తరువాత అడుగు రేకు మరలు విప్పాడు. రాగితీగ చుట్టిన వలయం, వరసగా కండెన్సర్లు, నల్లని చిప్పులు. పచ్చని పలకమీద తయారీదారు పేరూ, మూతమీది నంబరే మళ్ళీ అచ్చయి ఉన్నాయి. నకిలీలో పేరు మూతకే అంటిస్తారట, లోపల పలక బోసిగా ఉంటుంది. ఉస్తాద్ భూతద్దం ఇచ్చి చిప్పులమీద నాలుగంకెలు చదవమన్నాడు. 9327, 9331, 9340. మొదటి రెండూ సంవత్సరం, తక్కిన రెండూ ఆ ఏటి వారం.

ఇది నాకు తెలిసిన విద్యే! తాళపత్ర గ్రంథానికి తేదీ లేకపోతే మేమూ ఇంతే చేస్తాం. అందులో పేర్కొన్న వాళ్ళలో అందరికంటే చివరివాడెవడో చూసి, గ్రంథం ఆపైన పుట్టిందంటాం. ఇక్కడ చివరిది 1993లో నలభయ్యో వారం, అంటే అక్టోబరు తొలిరోజులు. అన్నయ్య కొన్నది 1994లో. పైగా తేదీలన్నీ కొద్ది నెలల్లోనే ఉన్నాయి. నాలుగు పాత పెట్టెల ముక్కలు అతికినదైతే అవి చెదిరి ఉండేవన్నాడు ఉస్తాద్. టంకం ఎవరూ కెలకలేదు. పయొనీర్ కంపెనీ పెట్టె, జీ.ఎం. వరసలోది.

"అస్లీ మాల్ హై సాబ్" అన్నాడు.

ఇక వెల. రెండు కండెన్సర్ల నెత్తి ఉబ్బింది, లోపలి ద్రవం ఎండిపోయే వయసు. అవి మార్చి, వాయించి చూపిస్తే షోకు ఉన్నవాడు మూడువేలిస్తాడు. ఉన్నది ఉన్నట్లుగా అయితే తాను పదిహేనువందలకు తీసుకుంటాడు. తూకానికి రెండువందలూ అబద్ధం కాదు, అది అల్యూమినియం ధర. మరి ఫోనులో పదిహేనువేలో? "అడిగేది వాడి నోరు సాబ్, ఇచ్చేది వీడి జేబు" అని నవ్వాడు. ఎంతకు అమ్ముడుపోయిందో చూడాలి గాని ఎంత అడిగారో కాదట. రెండు కండెన్సర్లూ మార్చడానికి నాలుగువందలు తీసుకున్నాడు. నేను బేరమాడలేదు. నా జీవితంలో ఈ బజారులో బేరమాడని రోజు అదొక్కటే.

అక్కడినుంచే వదినకు ఫోను చేశాను. చిప్పులు, వారాలు, ఫ్యూజు లెక్క అంతా వరసగా చెప్పాను. మధ్యలో ఒక్క మాటైనా అడ్డం రాలేదు. లైను తెగిందేమోనని, "వదినా" అన్నాను.

"ఉన్నాను" అంది. కాసేపాగి, "జపానుదేనా?" అంది.

"జపాను కంపెనీదే."

"ఉండు, మా నాన్నకు చెప్పాలి."

మామగారికిప్పుడు ఎనభై ఆరు. చెవులు సరిగా వినపడవు. ఫోను పెట్టకుండానే ఆవిడ పక్కగదిలోకి వెళ్ళి గట్టిగా అరిచి చెప్పడం, ఆయన "ఏమిటీ?" అనడం, మళ్ళీ ఆవిడ అరవడం, అన్నీ ఆ బజారు గోలలో నాకు వినిపిస్తూనే ఉన్నాయి.