నీళ్ళు ఆగిన చోటు

గుడివాడలో పెద్దమ్మ ఇంట్లో కెమెరా బ్యాటరీలు చార్జింగుకి పెడుతుంటే, ఏం ఫొటోలు తీయడానికి పోతున్నావని అడిగింది. బందరు నుంచి హంసలదీవి దాకా ఉన్న లైట్‌హౌస్, పాత కోట, సముద్రాన్ని చూసిన కట్టడాలన్నీ అన్నాను.

"లైట్‌హౌస్ ఓడల వాళ్ళకిరా అబ్బాయ్. ఇదుగో నేల అని వాళ్ళకి చెబుతుంది. అదుగో నీళ్ళని మాకు చెప్పిందెవరు?"

పెద్దమ్మ మెట్టినూరు దివిసీమలో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి ఆమె అక్కడే ఉంది. ఊళ్ళో ఉన్న ఒక్క డాబా ఎక్కి బతికింది. "నిచ్చెన ఒక్కటే. ఎక్కాల్సింది ఊరంతా," అని ఆపేసి, నాకు అన్నం వడ్డించడానికి లేచింది.

తెల్లవారుజామున బందరు రైలెక్కాను. మార్చి నెల. పట్టాలకి రెండువైపులా మినుము చేలు, వాటి మధ్య అద్దాల్లా చేపల చెరువులు. ఎటు చూసినా ఒకటే మట్టం. తాటిచెట్టును మించిన ఎత్తు కనబడితే అది గుడి గోపురమో, సెల్ టవరో. ఇంత చదునైన సీమలో ఎత్తుకున్న విలువ ఏమిటో ఆ కిటికీ దగ్గరే తెలిసివచ్చింది.

గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు వాళ్ళ ప్రధాన రేవు. 1605లో డచ్చివాళ్ళు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి కొఠీ పెట్టారు. కలంకారీ బట్టలు ఇక్కడే ఓడలెక్కి దేశాలు దాటాయి. బందరుకోటని 1750లో ఫ్రెంచివాళ్ళు తీసుకుంటే, 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ సేన రాత్రివేళ ముట్టడించి ఇంగ్లీషువాళ్ళ పరం చేసింది. ఇంతమంది కొట్లాడుకున్న కోటలో ఇప్పుడు మిగిలినవి పాత ఆయుధాగారం గోడలు, గంటస్తంభం. ఎండ ఏటవాలుగా పడే వేళ ఇటుకల గరుకుతనం బాగా పలుకుతుందని తొందరగా చేరుకున్నాను. ఫొటోలు బాగానే వచ్చాయి. కాని ఆ కోటని ఓడించింది ఫిరంగులు కావు. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుతో పాటు సముద్రం ఊరి మీదికి వచ్చింది. బందరులోనూ చుట్టుపక్కలా సుమారు 30 వేలమంది పోయారు. రేవుకి పాత వైభవం మళ్ళీ రాలేదు. ఈ సంగతి తెలిశాక గంటస్తంభాన్ని ఇంకోసారి, ఈసారి కింద నుంచి పైకి, మనిషి తలెత్తి చూసే కోణంలో తీశాను.

సాయంత్రానికి మంగినపూడి చేరాను. ఇక్కడి తీరంలో కాలికి తగిలేది నల్లమట్టి. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు సముద్రాన్ని మెరక చేసింది. చాలా దూరం నడిచినా నీళ్ళు మోకాళ్ళు దాటవు. అందుకే పూర్వం పెద్ద ఓడలు దూరానే లంగరు వేసుకునేవి, సరుకు పడవల్లో ఒడ్డుకి వచ్చేది. ఆనవాలు పట్టడానికి ఓడ మీద నుంచి ఒక్క కొండైనా కనబడదు. తీరమంతా ఒకే తాటితోపుల గీత. ఇలాంటి చోట లైట్‌హౌస్ పగలు గుర్తు, రాత్రి దారి. ప్రతి లైట్‌హౌస్‌కీ తనదైన లయ ఉంటుంది. మెరుపుకీ మెరుపుకీ మధ్య క్షణాలు లెక్కపెట్టి, పటంతో సరిచూసుకుని, ఇది ఫలానా రేవని నావికుడు పోల్చుకుంటాడు.

చీకటి పడ్డాక కెమెరాని స్టాండు మీద బిగించి, షట్టరు అరనిమిషం తెరిచి ఉంచాను. పక్కనే వల సర్దుకుంటున్న పెద్దాయనని, ఇప్పుడు అందరి దగ్గరా జీపీఎస్ ఉందిగా, ఈ లైట్‌హౌస్‌తో పనేముందని అడిగాను.

"ఫోను తడిసిపోతే ఏం చేస్తాం బాబూ? అది తడవదు," అన్నాడు.

మర్నాడు అవనిగడ్డ దారిలో ఘంటసాల దగ్గర ఆగాను. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కంటకసిల ఇదేనని చరిత్రకారులు చెబుతారు. బౌద్ధ స్తూపం వెలసిన వర్తక కేంద్రం. ఇప్పుడు చుట్టూ పొలాలు, సముద్రం ఎక్కడో దూరాన. నది మట్టి పరిచి నేలను పెంచుతూ పోయింది. ఆ పెరిగిన నేల మీద ఊళ్ళు వెలిశాయి. అప్పుడప్పుడూ సముద్రం తన పాత చోటు వెతుక్కుంటూ వస్తుంది.

అలా వచ్చినప్పుడు ఎంతదాకా వచ్చిందో చెప్పే గుర్తు అవనిగడ్డలో ఉంది. 1977 ఉప్పెన నీళ్ళు ఆగిన చోట కట్టిన స్మారకం. పదివేలమందికి పైగా ప్రాణాలు పోయిన రాత్రికి అది హద్దురాయి. అక్కడ నిలబడితే సముద్రం కనబడదు, హోరు వినబడదు. ఒక ఫ్రేములో సముద్రాన్నీ స్మారకాన్నీ కలిపి పట్టే కటకం నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదు. ఆ దూరమే చూపించాల్సిన విషయం. స్మారకాన్ని ఓ పక్కకి జరిపి, సముద్రం వైపు పోయే రోడ్డు ఫ్రేములో ఎక్కువ భాగం ఆక్రమించేలా తీశాను.

ఆ రోడ్డునే పట్టుకుని కోడూరు మీదుగా హంసలదీవి వెళ్ళాను. దారిలో ఒక ఊళ్ళో తుఫాను షెల్టరు కనబడింది. లావుపాటి స్తంభాల మీద లేపిన కట్టడం, బయటి నుంచే మెట్లు. ఉప్పెన తర్వాత తీరం పొడుగునా ఇలాంటివి కట్టారు. మామూలు రోజుల్లో చాలాచోట్ల బడి వీటిలోనే. గంట కొట్టారేమో, పిల్లలు బిలబిలమంటూ దిగుతున్నారు. ఒక్క ఫొటో తీసుకుని కదిలాను.

తెల్లారేసరికి పాలకాయతిప్పలో ఉన్నాను. అక్కడ అటవీశాఖ వాళ్ళు తాబేలు గుడ్లను కాపాడి, వాటిలోంచి వచ్చిన పిల్లలను సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో పట్టే ఆ పిల్లలకి వెలుతురే దారి. నీటి మీద మెరిసే ఆకాశాన్ని చూసి అటు నడుస్తాయి. ఒడ్డున దీపం వెలిగితే దారి తప్పి నేల వైపు మళ్ళుతాయి. ఫ్లాష్ ఆపేసి, కెమెరా వెనక తెర వెలుగు కూడా అరచేత్తో మూసి కూర్చున్నాను. దీపం ఎవరికోసం వెలగాలో, ఎక్కడ వెలగాలో తెలియడం ముఖ్యం.

గుడివాడ తిరిగొచ్చి పెద్దమ్మకి ఫొటోలన్నీ చూపించాను. కోట చూసి తలూపింది. నేనెంతో ఇష్టపడి తీసిన లైట్‌హౌస్ చూసి బాగుందంది. స్మారకం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుఫాను షెల్టరు ఫొటో రాగానే నా చెయ్యి పట్టుకుని ఆపింది. దాన్ని పెద్దది చేయమంది. పిల్లలని చూస్తోందనుకున్నాను.

"మెట్లు వెడల్పుగానే ఉన్నాయా? నలుగురు పక్కపక్కన ఎక్కొచ్చా?"

లెక్కపెట్టి చూశాను. ఫొటోలో ఒక మెట్టు మీద నలుగురు పిల్లలున్నారు.